బండి ఎన్నిసార్లు పోయిందో రాసుకోండి

సంపాదకుడు గారికి,

బ్యాంకులో రిటైరయ్యాక, వీధి వ్యాపారుల కోసం పనిచేసే ఒక చిన్న సంఘానికి లెక్కలు రాసిపెడుతున్నాను. ఆఫీసంటే రాంనగర్‌లో ఒక గది, ఒక బీరువా. పోయిన ఏడాది విరాళం ఇస్తామన్న సంస్థ ఒకటి ఇరవై పేజీల ఫారం పంపింది. అంతా ఇంగ్లిషే. అవుట్‌పుట్ వేరట, అవుట్‌కమ్ వేరట, ఇంపాక్ట్ ఇంకా వేరట. జీవితమంతా ఫారాలతోనే గడిపిన నాకే టెన్షన్ వచ్చింది, ఇక మా కార్యకర్తల సంగతి చెప్పక్కర్లేదు.

అయితే ఆ ఫారం ఒక మేలు చేసింది. 'మీ పని వల్ల ఏం మారింది?' అన్న గడి దగ్గర అందరం ఆగిపోయాం. ఇందిరా పార్కు దగ్గర ధర్నాల ఫొటోలున్నాయి, ప్రజావాణిలో ఇచ్చిన అర్జీల నకళ్లున్నాయి. ఆ అర్జీలు ఏమయ్యాయో మాత్రం ఎవరూ రాసుకోలేదు. హాజరు పట్టీలో సంతకాలు లెక్కపెట్టుకుని సంబరపడేవాళ్లం, నాతో సహా.

ఆ మీటింగ్‌లో పండ్ల బండి నడిపే ఒకామె అంది: "పోయినేడు నా బండి ఎన్నిసార్లు గుంజుకపోయిన్రు, ఈయేడు ఎన్నిసార్లు గుంజుకపోయిన్రు, గది రాస్కోండ్రి సారూ." వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. వ్యాపారుల సర్వే పూర్తయి అందరికీ అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆమె అడిగిన లెక్క, చట్టం అమలవుతోందా లేదా అన్న లెక్కే. ఇప్పుడు మా నోటుబుక్కులో నాలుగు గడులున్నాయి: బండి తీసుకుపోయిన తేదీ, కట్టిన జరిమానా, రసీదు ఇచ్చారా, తిరిగి ఎప్పుడొచ్చింది. కొన్ని నెలలు రాసేసరికి సగానికి పైగా కేసులు ఒకే రోడ్డువని తేలింది. ఊరంతా తిరగడం మానేసి ఆ రోడ్డు మీదే పట్టుబట్టాం. ప్రణాళిక అంటే మాకు అర్థమైంది అప్పుడే.

విరాళాలిచ్చేవాళ్లకు ఒక మాట. వీధి వ్యాపారుల మీద జాతీయ విధానం 2004లో వచ్చింది, చట్టం కావడానికి మరో పదేళ్లు పట్టింది. మధ్యలో ఏ 2008లోనో మూల్యాంకనం చేసి ఉంటే ఆ ఉద్యమానికి సున్నా మార్కులే పడేవి. ఏడాది తిరిగేసరికి ఫలితం చూపించమంటే సంఘాలు ఏం చేస్తాయి? తేలిగ్గా లెక్కకొచ్చే పనులు పట్టుకుంటాయి, లేదా అబద్ధం రాస్తాయి. పని కుదరలేదని రాస్తే డబ్బు ఆగిపోతుందన్న భయం ఉన్నన్నాళ్లూ ఎవరూ నిజం రాయరు.

2021 నుంచి పెద్ద కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ప్రాజెక్టులకు బయటి సంస్థతో ప్రభావ మదింపు, అంటే ఏం మారిందో లెక్క, చేయించాలని నిబంధన ఉంది. ఆ ఖర్చు కొంతవరకు సీఎస్‌ఆర్ కిందే చూపించుకోవచ్చు. మాలాంటివాళ్లకు ఆ వెసులుబాటు ఎక్కడిది? మాకు కన్సల్టెంటు అక్కర్లేదు. నెలకో శనివారం పక్కన కూర్చుని, 'దసరాకల్లా ఏం మారాలి, అది ఎవరి చేతిలో ఉంది, మారిందని ఎలా తెలుస్తుంది' అని తెలుగులో అడిగే మనిషి చాలు. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) ఉన్న ఊరిది. సోషల్ వర్క్ విద్యార్థులు ఫీల్డ్‌వర్క్ పేరుతో బస్తీలకు వస్తూనే ఉంటారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని పంపేయకుండా, ఒక్కో బ్యాచ్‌ను ఒక్కో చిన్న సంఘానికి ఏడాది పాటు అప్పగిస్తే రెండు వైపులా నేర్చుకుంటారు. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచే సామాజిక తనిఖీలు జరిగాయి. కూలీల ముందే మస్టర్లు (హాజరు పట్టీలు) బిగ్గరగా చదివి నిజమా కాదా అని అడిగేవారు. ఆ పద్ధతి తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. వాళ్లు ముందుకొస్తే మా గది తలుపులు తెరిచే ఉంటాయి.

అన్నట్టు, ఆ ఇరవై పేజీల ఫారం ఇంకా బీరువాలోనే ఉంది. తెలుగులో పంపితే నింపుతామని రాశాం. జవాబు రాలేదు.

- ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విద్యానగర్, హైదరాబాద్