ప్లస్ ఈక్వల్స్ అంటే రాత తగ్గింపు మాత్రమేనా?

సంపాదకుల వారికి నమస్కారాలు.

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇంజినీరింగ్ తొలి ఏడాది విద్యార్థుల చేతుల్లో కనిపించే నోట్సుల్లో షార్ట్‌హ్యాండ్ అసైన్‌మెంట్ ఆపరేటర్లకు (ప్రోగ్రామింగ్‌లో లెక్క చేసి, ఫలితాన్ని అదే పేరులో ఉంచే +=, *= వంటి గుర్తులకు) తరచుగా దక్కేది ఒకే ఒక్క వాక్యం: ‘మొత్తం += బస్తాలు’ అని రాస్తే ‘మొత్తం = మొత్తం + బస్తాలు’ అని రాసినట్లేనని, రాత తగ్గడమే లాభమని. మిర్చి యార్డుకు వచ్చిన బస్తాలను కూడే చిన్న ప్రోగ్రాముకు ఈ వివరణ చాలు. అంతకు మించి ఏం చేయబోయినా విద్యార్థిని ఇది తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి చిక్కు బ్రాకెట్లది. ధర విలువ 10 అయినప్పుడు ‘ధర *= 2 + 3’ అని రాస్తే (* అంటే గుణకారం), కుడివైపు ఉన్నదంతా బ్రాకెట్లలో ఉన్నట్లు ముందుగా లెక్కకు వచ్చి, అంటే ‘ధర * (2 + 3)’ అయి, ఫలితం 50 అవుతుంది; నోట్సును నమ్మిన విద్యార్థి దానిని ‘ధర = ధర * 2 + 3’గా విప్పి 23 అని రాస్తాడు.

జావా భాషలో సంగతి మరింత లోతైనది. −128 నుంచి 127 వరకు మాత్రమే పట్టే బైట్ రకపు వేరియబుల్‌లో 120 ఉందనుకుందాం. ‘నిల్వ = నిల్వ + 10’ అని రాస్తే, కూడిక ఫలితం ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే ఇంట్ రకానికి మారుతుంది కాబట్టి, కంపైలర్ (రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చే సాధనం) ఒప్పుకోదు. అదే ‘నిల్వ += 10’ అని రాస్తే, ఫలితాన్ని బలవంతంగా తిరిగి బైట్‌లోకి కుదించే పనిని భాషే చేసేస్తుంది కనుక, ప్రోగ్రాము ఏ హెచ్చరికా లేకుండా నడిచి, బైట్‌లో పట్టని 130కి బదులు −126 చూపిస్తుంది. రెండూ ఒకటేనని నేర్చుకున్నవాడికి ఈ లోపం ఎక్కడ పుట్టిందో ఎలా తెలుస్తుంది?

పైథాన్ భాషలో ఒకే లిస్టుకు రెండు పేర్లు ఉన్నప్పుడు, += ఆ లిస్టునే పొడిగిస్తుంది కాబట్టి మార్పు రెండో పేరులోనూ కనిపిస్తుంది; విడదీసి రాస్తే కొత్త లిస్టు తయారై, రెండో పేరు పాత లిస్టుతోనే ఉండిపోతుంది.

గుర్తుల వరుస సైతం యాదృచ్ఛికం కాదు. సీ భాషకు ముందున్న బీ భాషలోనూ, తొలినాటి సీలోనూ =+ అని, =- అని రాసేవారు; అప్పుడు ‘నిల్వ=-1’ అంటే ఒకటి తీసివేయమనా, మైనస్ ఒకటి ఉంచమనా అనే సందిగ్ధం వచ్చేది. 1976లో గుర్తులను తారుమారు చేసి దానిని సరిదిద్దారు. పాఠంలో రెండు నిమిషాలు పట్టని ఈ ముక్క చెబితే ఆపరేటర్ ముందు, ఈక్వల్స్ తర్వాత ఎందుకన్నది విద్యార్థి మరచిపోడు.

విచిత్రమేమిటంటే, ఇవి అడగని నమూనా ప్రశ్నపత్రాలు ‘సంఖ్య = సంఖ్య++ + ++సంఖ్య’ (++ అంటే విలువకు ఒకటి కలపడం) ఫలితమెంత అని మాత్రం అడిగి నాలుగు జవాబులు ఇస్తుంటాయి. సీ ప్రమాణం ప్రకారం దానికి నిర్దిష్టమైన ఫలితమే లేదు. ఒక్కో కంపైలర్ ఒక్కోలా చూపినా తప్పుపట్టలేం. ప్రశ్నలు కూర్చే అధ్యాపకులు ఇటువంటివాటిని తొలగించి, ఆ స్థానంలో పైన చెప్పిన బైట్ ప్రశ్న వంటిది చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత అధ్యాపకుడు
బ్రాడీపేట, గుంటూరు