ఉప్పునీటి ఫంగస్‌ల మీద మన నగరమూ దృష్టి పెట్టాలి

సంపాదకులు గారికి,

మీ పత్రికలో ఇటీవల ఫంగస్ వ్యాధుల మీద వచ్చిన వ్యాసం చదివాను. 2021లో బ్లాక్ ఫంగస్ ఎన్ని కుటుంబాలను ఏడిపించిందో చూశాం కనుక అందులో చెప్పిన జాగ్రత్తలన్నీ అవసరమే. అయితే అది చదివినవాళ్లకు ఫంగస్ అంటేనే రోగం అనిపిస్తుంది. జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, వ్యర్థజలాలు శుద్ధిచేసే విభాగంలో కెమిస్టుగా పనిచేస్తున్నాను. ఉప్పులో బతికే ఫంగస్‌ల గురించి ఈ ఊళ్లో మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోవట్లేదని నా బాధ.

మందుల తయారీలో ఆమ్లాన్ని క్షారంతో తటస్థం చేసిన ప్రతిచోటా ఉప్పు మిగులుతుంది. ఆ హై టీడీఎస్ (కరిగిన లవణాలు ఎక్కువున్న) నీళ్లను విడిగా, నీటిని ఆవిరిచేసే ఎవాపరేటర్‌కు పంపి, మిగిలిన ఉప్పును బస్తాలకెత్తి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరుస్తాం. ఆవిరి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎక్కడో వాల్వు దగ్గర పొరపాటు జరిగి ఆ నీళ్లు, గాలి ఊది బ్యాక్టీరియాతో మురికిని తినిపించే ఏరేషన్ ట్యాంకులోకి పోయాయంటే అందులోని బ్యాక్టీరియా తట్టుకోలేదు. మామూలు రోజుల్లో ట్యాంకు నీళ్లు లీటరు సిలిండర్లో పోసి అరగంట ఉంచితే బ్యాక్టీరియా ముద్దకట్టిన గోధుమరంగు మడ్డి కిందికి దిగి పైన తేట నిలుస్తుంది. ఉప్పు తగిలిన రోజు అరగంటయినా ఆ మడ్డి దిగదు, సిలిండరంతా మసగ్గానే ఉంటుంది. మళ్లీ ట్యాంకు దారికి రావడానికి వారాలు పడుతుంది.

ఆ ఉప్పునే కోరుకునే జీవులున్నాయి. స్లొవేనియాలోని సెచోవ్లే ఉప్పుమడుల్లో ఫంగస్‌లు సహజంగానే నివసిస్తున్నాయని అక్కడి శాస్త్రవేత్త నీనా గుండె-సిమెర్మాన్ బృందం 2000లో ప్రకటించింది. అంతకుముందు అంత చిక్కటి ఉప్పునీటిలో ఫంగస్‌కు చోటుంటుందని ఎవరూ పెద్దగా అనుకోలేదు. హోర్టియా వెర్నెకీ అనే నల్లటి ఈస్టు, ఉప్పు లేని చోటు నుంచి ఇక కరగనంత ఉప్పున్న చోటు దాకా పెరుగుతుంది. వాలెమియా ఇక్తియోఫాగా అనే మరో ఫంగస్‌కైతే దాదాపు 10 శాతం ఉప్పు ఉంటేగానీ పెరుగుదలే లేదు. సముద్రపు నీటిలో ఉండేది సుమారు 3.5 శాతమే! బేగంబజార్‌లో కొన్న ఉప్పుచేప మీద గోధుమరంగు పొడి మచ్చలు కనిపిస్తే అవి వాలెమియా జాతివే కావచ్చు.

వీటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒకటుంది. ఈ ఫంగస్‌లు ఉప్పును కణంలోపలికి రానివ్వకుండా లోపల గ్లిసరాల్ నింపుకుంటాయి. కాబట్టి లోపలి ఎంజైములకు ఉప్పు బెడద తక్కువ. తిండిని అరగదీయడానికి బయటికి వదిలే ఎంజైములు మాత్రం ఉప్పునీటిలోనే పనిచేయాలి. పరిశ్రమకు కావలసినవి సరిగ్గా ఆ ఎంజైములే. యాస్పర్‌జిల్లస్ సిడోవీ అనే ఫంగస్ చిక్కటి ఉప్పునీటిలో బెంజోపైరీన్ లాంటి మొండి కాలుష్యాలను, కొన్ని మందుల అవశేషాలను తొలగించగలదని ప్రయోగశాలల్లో ఇప్పటికే తేలింది.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లం ఆ అంకెను మరిచిపోకూడదు.

ఇక మందుల సంగతి. ఇవాళ మన కంపెనీలు టన్నులకొద్దీ చేస్తున్న సెఫలోస్పోరిన్లనే యాంటీబయాటిక్‌ల పుట్టుకే సముద్రం ఒడ్డున. 1945లో ఇటలీలోని సార్డీనియాలో మురుగు కలిసే చోట సముద్రపు నీటిలో దొరికిన ఫంగస్‌లో జుసెప్పె బ్రోట్జు అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాను చంపే గుణం కనిపెట్టాడు. అది ఉప్పు కోరే రకం కాదు, నిజమే. కానీ ఎవరూ వెతకని నీళ్లలో వెతికితే ఏం దొరుకుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు. అలాగని వీటితో ఇబ్బందే లేదనను. హోర్టియా అరచేతుల మీద నల్లమచ్చలు తెస్తుంది, కొన్ని ఫంగస్‌లు విషాలూ తయారుచేస్తాయి. అందుకే ఈ పని తెలిసినవాళ్ల చేతుల్లో, సరైన ల్యాబుల్లో జరగాలి.

గోవా విశ్వవిద్యాలయం వాళ్లు తమ ఉప్పుమడుల్లో, మడ అడవుల్లో ఉప్పు లేనిదే పెరగని యాస్పర్‌జిల్లస్‌లను పట్టుకున్నారు. ఉప్పు పండించే ఊళ్లు మనకూ నౌపడ ఉంది, చినగంజాం ఉంది. పరిశోధనకు తార్నాకలో రసాయన సంస్థ ఐఐసీటీ ఉంది, పక్కనే హబ్సిగూడలో జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ ఉంది. నౌపడ నీళ్లు ఒక సీసాలో పోసి రైలెక్కిస్తే మర్నాటికి సికింద్రాబాద్ చేరతాయి. సూక్ష్మజీవులను పెంచే మామూలు అగార్ ప్లేటు మీద ఉప్పు లేనిదే పెరగని రకాలు తేలవు. పోషకంలో ఉప్పు కలపాలి, ఓపిగ్గా వారాలు ఎదురుచూడాలి. దొరికిన రకాలను పుణెలోని జాతీయ ఫంగస్ సేకరణ కేంద్రంలో భద్రపరిస్తే తర్వాతి తరాలకూ అందుతాయి.

నగరంలో ఈ పని చేస్తున్న అధ్యాపకులు ఎవరైనా ఉంటే వాళ్లతో మీ పత్రికలో రాయించండి. పరీక్షించడానికి నిజమైన ఉప్పు వ్యర్థజలం కావాలంటే, మా యాజమాన్యం అనుమతి తెచ్చే పూచీ నాది.

— ఒక ఫార్మా కెమిస్టు, చింతల్, హైదరాబాద్