కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: పార్కులో పిల్లల పరుగు

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి, వాటర్ ట్యాంకుల శుభ్రత, ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాం. కాస్త వివరంగా చెప్పాల్సింది పిల్లల పరుగు గురించే.

జూన్‌లో బడులు తెరిచాక ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల్ని సాయంత్రాలు పార్కుకు రప్పించాం. 5 నుంచి 17 ఏళ్లవాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచాలని, అందులో ఎక్కువ భాగం గుండె, ఊపిరి వేగం పెంచేదై ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ట్యూషన్ల మధ్య మనకు గంట ఎక్కడ దొరుకుతుంది? అరగంటతో సరిపెట్టుకున్నాం. పరుగు, స్కిప్పింగ్, కబడ్డీ. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, కనీసం అంత శ్రమ ఉండాలన్నదే మా కొలత.

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఉండే 600 మీటర్ల పరుగే మేమూ పెట్టాం. మొదటిసారి చాలామంది సగం దూరం నడిచారు. దసరా తర్వాత ఆగకుండా పూర్తిచేసినవాళ్లే ఎక్కువ. అలవాటుపడిన గుండె ఒక్కోసారి ఎక్కువ రక్తాన్ని పంపుతుంది, కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకుంటాయి. ఎదిగే వయసు కాబట్టి టైమింగ్ దానంతటదే కొంత మెరుగవుతుంది, ఘనతంతా సంఘానిదే అనలేం.

"మావాడు ఎన్ని కిలోలు తగ్గాడండీ?" అని అడిగిన తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి రోజు అందరికన్నా ముందు రొప్పినవాళ్లలో బక్కపల్చటి పిల్లలూ ఉన్నారు. తూకం చూసి దమ్ము లెక్కగట్టలేం.

అమ్మాయిల విషయంలో తప్పు మనదే. 2016 లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11–17 ఏళ్ల అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మన పార్కులో వాళ్లు తగ్గిపోయింది బద్ధకంతో కాదు, వెనకవైపు లైట్లు వెలగక. నవంబరులో ఆ బ్యాచ్‌ను ఉదయానికి మార్చాక కొందరు తిరిగొచ్చారు.

ఫిబ్రవరి నుంచి పరీక్షల టెన్షన్‌తో పార్కు ఖాళీ. కొన్ని వారాలు మానేస్తే చాలు, కూడబెట్టిన దమ్ము కరిగిపోతుంది. ఏప్రిల్‌లో పరుగు పెడితే మళ్లీ నడకే. ఈసారి పరీక్షల నెలల్లోనూ రోజుకు 20 నిమిషాలైనా పిల్లల్ని వదలమని కోరుతున్నాం.

లైట్ల మరమ్మతు ఖర్చుకు సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. స్టాప్‌వాచ్ ఒకటి కనిపించడం లేదు, ఎవరింట్లోనైనా ఉంటే ఆఫీసు గదిలో ఇవ్వగలరు.

– కార్యదర్శి