కిట్ బీరు రుచి ఎక్కడ చెడుతోంది: ఈ ఏడాది మన సంఘం పనిపై వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక కొత్త సభ్యురాలు లేచి, "కిట్‌తో వచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే బీరు చేశాను. అయినా నీళ్లలా ఉంది, తాగాక నోట్లో అదోరకం పులుపు మిగిలింది. మళ్లీ చేయబుద్ధి కావడం లేదు" అన్నారు. ఆ తర్వాత చాలా నెలలు ఆవిడ సమావేశాలకు రాలేదు. మనలో చాలామంది మొదటి బీరు కూడా అలాగే వచ్చింది. మనం ఎలాగో కొనసాగాం, ఆవిడలాంటి వాళ్లు ఎంతమంది ఆగిపోయారో లెక్క లేదు. అందుకే కార్యవర్గం ఈసారి కొత్త రెసిపీల జోలికి పోకుండా, కిట్ బీరు, అంటే డబ్బాలో వచ్చే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకానికి నీళ్లు, ఈస్ట్ కలిపి ఇంట్లో పులియబెట్టే బీరు, ఎక్కడ చెడుతోందో పట్టుకోవాలని తీర్మానించింది. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. కానీ ఈ నివేదికలో ఎక్కువ భాగం ఈ ఒక్క పని గురించే.

రెండు బకెట్లు

ఒకే రకం డబ్బాలు రెండు తీసుకున్నాం. మూత మీద తేదీ కూడా ఒకటే. ఒక్కోదానిలో 1.7 కిలోల పాకం, హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) ముందే కలిపినది. మొదటి బకెట్ పూర్తిగా కాగితం ప్రకారం చేశాం: కిలో పంచదార, కుళాయి నీళ్లు, మొత్తం 23 లీటర్లు, మూత కింద దొరికే చిన్న ఈస్ట్ ప్యాకెట్. గదిలో ఎంత వేడి ఉంటే అంతలోనే ఉంచి, బుడగలు ఆగగానే సీసాల్లో నింపాం. రెండో దానిలో పంచదార బదులు కిలో పొడి మాల్ట్ వేశాం, నీళ్లు 21 లీటర్ల దగ్గర ఆపాం, ఈస్ట్ 11 గ్రాములు చల్లాం. నీళ్ల టబ్బులో నిలబెట్టి 18, 20 డిగ్రీల మధ్య రెండు వారాలు కదపకుండా ఉంచాం.

రెండో రోజు మొదటి బకెట్‌కు అంటించిన థర్మామీటర్ పట్టీ చూసినప్పుడే మాకు సగం జవాబు దొరికింది. గది 24 డిగ్రీలు ఉంటే బకెట్ 28 చూపిస్తోంది. పులిసేటప్పుడు ఈస్ట్ తన వేడి తానే పుట్టించుకుంటుంది. గది చల్లగా ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, లోపల ఈస్ట్ మాత్రం ఉడికిపోతుంటుంది. ఆ వేడికి బాగా మగ్గిన అరటిపండు వాసన, నెయిల్ పాలిష్ లాంటి ఘాటు, గొంతులో దిగే మంట పుడతాయి. ఇవి మొదటి రెండు మూడు రోజుల్లోనే పుడతాయి. తర్వాత ఎంత చల్లబరిచినా పోవు.

గ్లాసుల మీద పేర్లు రాయకుండా రుచి చూపించాం. మొదటిది చూపుకు బాగానే ఉంది. కానీ నురుగు నిమిషంలో కూర్చుంది, వాసన మగ్గిన పండులా, రుచి పల్చగా ఉంది. ఒక పాత సభ్యుడు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "ఇది నా మొదటి బీరే" అన్నారు. రెండో గ్లాసుకు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, ఖాళీ అయ్యేదాకా తాగారు. అయితే అది అద్భుతమని రాయను. హాప్స్ పరిమళం దానిలోనూ లేదు. పాకం చిక్కబడేలా నీటిని ఆవిరి చేసేటప్పుడే ఆ సువాసన ఎగిరిపోతుంది, డబ్బాలో చేదు మాత్రమే మిగులుతుంది. తర్వాతి విడతలో సీసాల్లో నింపడానికి నాలుగు రోజుల ముందు 30 గ్రాముల హాప్స్ బకెట్‌లో వేస్తే ఆ లోటు చాలావరకు తీరింది.

పంచదార మీద మన పాత నమ్మకం

పంచదార వేస్తే సైడర్ (పులియబెట్టిన యాపిల్ రసం) లాంటి పులుపు వస్తుందని మన సంఘంలో ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నాం. నేనూ చాలామందికి చెప్పాను. అందుకని మూడో బకెట్ పెట్టి చూశాం: పంచదార మామూలుగానే వేసి, చల్లదనం, ఈస్ట్ మాత్రం రెండో బకెట్‌లా. పల్చగా వచ్చింది, కానీ ఆ పులుపు లేదు. పంచదార దాదాపు మొత్తం ఆల్కహాలుగా మారిపోతుంది, నోటికి తగిలే చిక్కదనం ఏమీ మిగల్చదు. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో మొదటి బకెట్ అంకె 1.039 నుంచి 1.006కి దిగితే, మాల్ట్ వేసిన రెండోది 1.042 నుంచి 1.012 దగ్గర ఆగింది. ఆ తేడానే నోట్లో నిండుదనం. పులుపులో పెద్ద వాటా వేడిలో, చాలీచాలని ఈస్ట్‌తో పులవడానిదే అని ఇప్పుడు నా అభిప్రాయం. ఇన్నాళ్లూ తప్పు చెప్పినందుకు కొత్త సభ్యులను మన్నించమని కోరుతున్నాను.

పాత డబ్బా

ఒక సభ్యుడి అల్మరాలో తేదీ దాటిన డబ్బా ఒకటి బయటపడింది. లేబుల్ మీద లేత బంగారు రంగు బీరు బొమ్మ ఉంది. మూత తీస్తే లోపల పాకం ఇటుక రంగులో ఉంది, చెంచా నిలబడేంత గట్టిగా. మాల్ట్ పాకం నిల్వలో, ముఖ్యంగా వేడి చోట, నల్లబడుతూ పోతుంది. రంగుతో పాటు పాత సిరా లాంటి ఒక రుచి చేరుతుంది. అదే వేడిలో మూత కింద ఈస్ట్ కూడా బలం పోగొట్టుకుంటుంది. కొత్తవాళ్లు డబ్బా కొనేటప్పుడు బ్రాండ్ కన్నా ముందు తేదీ చూడాలి. ఈ మాట కాగితంలో ఎక్కడా కనబడదు, అదే నాకు బాధ.

నీళ్లు

ఇంకో సభ్యురాలి బీరు ఎప్పుడు చేసినా గాయానికి కట్టే బ్యాండేజీ వాసన. శుభ్రం చాలలేదని ఆవిడ బకెట్లు రెండుసార్లు మార్చారు. అసలు కారణం కుళాయి నీళ్లను శుద్ధి చేయడానికి కలిపే క్లోరమైన్. అది మాల్ట్, ఈస్ట్‌ల నుంచి వచ్చే ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్ అవుతుంది. లేశమాత్రం ఉన్నా నాలుక పట్టేస్తుంది. మామూలు క్లోరిన్ అయితే నీళ్లు మరిగిస్తే పోతుంది, క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. బకెట్ నీళ్లకు మెటాబైసల్ఫైట్ మాత్ర సగం పొడి చేసి కలిపితే నిమిషాల్లో పని అయిపోతుంది. ఆవిడ తర్వాతి బీరులో ఆ వాసన లేదు. మన రెండో బకెట్‌లోనూ ఇదే చేశాం.

తొందర

చాలా కాగితాలు వారం లోపలే సీసాల్లో నింపమంటాయి. ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) బుడగలు ఆగినంత మాత్రాన పులవడం పూర్తయినట్టు కాదు. మూత సరిగ్గా బిగియకపోయినా బుడగలు రావు. హైడ్రోమీటర్ అంకె రెండు మూడు రోజుల తేడాతో మారకుండా ఉంటేనే నమ్మాలి. ముందే తీస్తే పచ్చి యాపిల్ వాసన, కొన్నిసార్లు వెన్న రుచి మిగిలిపోతాయి, ఇంకా నాలుగైదు రోజులు మడ్డి మీదే ఉంచితే ఈస్టే వాటిని తినేస్తుంది. ఇంకా తియ్యదనం మిగిలి ఉండగా మూత వేస్తే సీసాలు పగిలే ప్రమాదం కూడా ఉంది. నింపేటప్పుడు ట్యూబు సీసా అడుగుకు ఆనించాలి. పైనుంచి చల్లుతూ పోస్తే గాలి కలిసి కొన్ని వారాల్లో తడి అట్టపెట్టె రుచి వస్తుంది.

మిగతా పనులు

సభ్యులకు అరువిచ్చేందుకు హైడ్రోమీటర్లు, థర్మామీటర్ పట్టీలు కొన్నాం. లోపల గీతలు పడిన సంఘం బకెట్లు తీసేశాం. ఆ గీతల్లో చేరిన క్రిములను ఏ శానిటైజరూ పూర్తిగా అందుకోలేదు. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. మొదటిది, డబ్బాతో వచ్చే కాగితానికి బదులు మన భాషలో ఒక పేజీ సూచనలు ముద్రించి ప్రతి కొత్త సభ్యుడికీ ఇవ్వడం. రెండోది, మొదటిసారి చేసేవాళ్ల దగ్గరకు మొదటి మూడు రోజుల్లో ఒక అనుభవం ఉన్న సభ్యుడు వెళ్లి రావడం. రెండో పనికి ముందుకు వచ్చేవాళ్లు సమావేశంలో పేరు ఇవ్వండి.

అరువు తీసుకున్న హైడ్రోమీటర్లు కొన్ని ఇంకా తిరిగి రాలేదు. కొత్తవాళ్లు వాటి కోసం ఆగి ఉన్నారు. దయచేసి సమావేశానికి వచ్చేటప్పుడు కడిగి తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి