కొట్టుకోకుండా విడిపోయిన బ్యాండ్

ఏథెన్స్, జార్జియా

అక్కకి,

నేనిక్కడ క్షేమం. అమ్మా నాన్నా, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

మొన్న ఫోన్లో అడిగావు కదా, "కోర్టుకెక్కలేదు, డబ్బు దగ్గర తేడాలు రాలేదు, మరి మీ ఆర్.ఇ.ఎం. వాళ్ళు ఎందుకు విడిపోయారురా?" అని, నేను పడిచచ్చే ఆ అమెరికన్ రాక్ బ్యాండ్ గురించి. అది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నేనుంటున్న ఈ ఊరే వాళ్ళ ఊరు. ఇక్కడి వక్స్‌ట్రీ అనే రికార్డుల షాపులో గిటార్ వాయించే పీటర్ బక్ పనిచేసేవాడు, పాటలు పాడే మైకేల్ స్టైప్ రికార్డులు కొనడానికి వచ్చేవాడు. అలా కలిశారు. మిగతా ఇద్దరు, మైక్ మిల్స్, బిల్ బెర్రీ మాత్రం ఇదే రాష్ట్రంలోని మేకన్ అనే ఊళ్ళో హైస్కూలు రోజుల నుంచే స్నేహితులు. నలుగురూ కలిసి మొదటిసారి జనం ముందు వాయించింది 1980 ఏప్రిల్ 5న, ఓ పాత చర్చిలో, ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి. అప్పటికి బ్యాండ్‌కి పేరు కూడా లేదు. ఆ చర్చి ఇప్పుడు లేదు కానీ దాని శిఖరం ఒకోనీ స్ట్రీట్‌లో ఇంకా ఉంది. అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆగి చూస్తాను.

వాళ్ళు ఒక్క పాటతో రాత్రికి రాత్రి పైకొచ్చినవాళ్ళు కాదు. వ్యాన్‌లో ఊరూరా తిరిగి చిన్న క్లబ్బుల్లో వాయించారు. కాలేజీ రేడియోలు వాళ్ళని మోశాయి. 1983లో మొదటి ఆల్బమ్ 'మర్మర్' వచ్చింది, అక్కడి నుంచి 1988 దాకా ఏటా ఒక ఆల్బమ్. స్టైప్ ఏం పాడుతున్నాడో అమెరికన్లకే అర్థమయ్యేది కాదట, ఇక నా సంగతి చెప్పాలా? అయినా ఆ గొంతులోని బాధ నాకు మాటల అవసరం లేకుండానే అందింది. 1991లో 'లూజింగ్ మై రిలిజియన్' ప్రపంచమంతా మోగింది. ఆ బాణీ పుట్టింది మాండొలిన్ మీద, అదీ బక్ ఆ వాయిద్యం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజుల్లో.

ఇప్పుడు అసలు సంగతి. పాట ఎవరు కట్టినా సరే, పేర్లు మాత్రం నలుగురివీ వేసుకునేవారు: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. వచ్చే డబ్బూ సమానమే. 'ఎవ్రీబడీ హర్ట్స్' ఎక్కువ భాగం డ్రమ్మర్ బెర్రీ కట్టిందే అయినా, రికార్డు మీద అతని పేరు మిగతా ముగ్గురి పక్కనే ఉంటుంది. ఎన్నో బ్యాండ్లు ఇక్కడే విరిగిపోయాయి అక్కా. 'ఆ బాణీ నాది, నా వాటా ఏదీ?' అన్న మాట వచ్చిందంటే స్నేహం అయిపోయినట్టే. వీళ్ళు ఆ మాటకి మొదట్లోనే తావు లేకుండా చేశారు.

కానీ నలుగురూ సమానమైన చోట ఒకడు వెళ్ళిపోతే ఏమవుతుంది? 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో, కచేరీ మధ్యలో బెర్రీ కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం సమస్య. ఆపరేషన్ చేశారు, కోలుకున్నాడు, టూర్ కూడా పూర్తి చేశాడు. 1996లో రికార్డు కంపెనీతో కొత్త ఒప్పందం కుదిరింది, 8 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. ఆ మరుసటేడు అక్టోబరులో బెర్రీ తప్పుకుని వ్యవసాయంలోకి వెళ్ళిపోయాడు. నేను తప్పుకుంటే బ్యాండ్ ఆగిపోతుందంటే మాత్రం తప్పుకోను అని ముందే మిగతావాళ్ళతో అన్నాడట. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అందుకే, వాళ్ళు విడిపోయింది 2011లో కాదు, 1997లోనే అంటాను నేను. తరవాతి 14 ఏళ్ళు ముగ్గురూ బ్యాండ్ ఆపకుండా ఆల్బమ్‌లు చేస్తూ అతనికిచ్చిన మాట నిలబెట్టారు. ఆ ఆల్బమ్‌లని తీసిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది, 'అప్'లో మంచి పాటలున్నాయి. కాకపోతే వాటిలో బెర్రీ లేని ఖాళీ వినిపిస్తుంది. 2011 సెప్టెంబరు 21న ఇక చాలు అని ప్రకటించారు. కంపెనీకి ఒప్పుకున్న ఆల్బమ్‌లు అయిపోయాయి. వీడ్కోలు టూర్ పెడితే టిక్కెట్లు ఎగబడి కొనేవాళ్ళం, కానీ అదీ పెట్టలేదు. ఆ రోజు నాకెంత దిగులేసిందో చెప్పలేను. అయినా వాళ్ళమీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

2024 జూన్‌లో న్యూయార్క్‌లో పాటల రచయితల సత్కారసభలో నలుగురూ, బెర్రీతో సహా, కలిసి నిలబడి ఆ మాండొలిన్ పాటే పాడారు. వీడియో చూస్తూ ఏడ్చేశాను. మళ్ళీ టూర్లు వేస్తారేమోనని అందరూ ఆశపడ్డారు. నాకు మాత్రం ఆ ఒక్క పాట చాలనిపించింది.

నువ్వు 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై' విను. అందులో చాలా భాగం బెర్రీ కోలుకున్నాక ఆ 1995 టూర్లోనే, వేదికల మీదా, కచేరీకి ముందు చేసే సౌండ్ చెక్‌లలోనూ రికార్డు చేశారు. నలుగురూ కలిసి చేసిన చివరి ఆల్బమ్ అదే. డ్రమ్స్ మీద చెవి పెట్టి విని, ఎలా ఉందో రాయి. అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉందో కూడా రాయడం మరిచిపోకు.

నీ తమ్ముడు