పడవలో ఉన్నవాళ్ల గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో ఈతగత్తె సారా థామస్ మీద వేసిన వ్యాసం చదివాను. విశాఖలో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరిగెత్తే మా గ్రూపులో ఆ రోజంతా దాని గురించే మాటలు. వ్యాసం బాగుంది, కాదనను. కానీ పేజీ మొత్తం మీద ‘మనోబలం’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి మీరే చూడండి. ఫొటోలో ఆవిడ వెనకాల ఒక పడవ స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పడవ గురించి, అందులో ఉన్నవాళ్ల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఈ ఉత్తరం దాని కోసమే.

వ్యాసం చదవనివాళ్లకు క్లుప్తంగా చెబుతాను. సారా థామస్‌ది అమెరికాలోని కొలరాడో. 2017 ఆగస్టులో చాంప్లేన్ సరస్సులో 104 మైళ్లకు పైగా ఆగకుండా ఈదింది. అదే ఏడాది నవంబరులో రొమ్ము క్యాన్సర్ అని తేలింది, అది కూడా ట్రిపుల్ నెగెటివ్ రకం. హార్మోన్ మాత్రలు పనిచేయని రకం అది, త్వరగా పాకుతుంది. కీమో, ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాయి. చికిత్స ముగిసిన ఏడాదికి, అంటే 2019 సెప్టెంబరులో, ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న సముద్రం, ఇంగ్లిష్ చానల్‌ను ఆగకుండా నాలుగుసార్లు దాటింది. పట్టిన సమయం 54 గంటల పైచిలుకు. అంతకుముందు ప్రపంచంలో మూడుసార్లు ఆగకుండా దాటినవాళ్లే నలుగురు, నాలుగోసారి ఎవరివల్లా కాలేదు. 1959లో మన ఈతగత్తె ఆరతీ సాహా ఒక్కసారి దాటితేనే దేశమంతా పండగ చేసుకుంది, అది గుర్తు చేసుకుంటే ఇది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

ఇప్పుడు పడవ సంగతి. చానల్ ఈతకు రూల్స్ చాలా కఠినంగా ఉంటాయి. మామూలు ఈత డ్రెస్, టోపీ, కళ్లద్దాలు, అంతే. పడవను ముట్టుకోకూడదు, ఎవరూ పట్టుకోకూడదు. ఒడ్డు తగిలాక మళ్లీ నీళ్లలో దిగడానికి పది నిమిషాలు మాత్రమే ఇస్తారు. ఇంత కఠినమైన రూల్స్‌లో కూడా పక్కన పడవ లేకుండా వెళ్లమని ఎవరూ చెప్పరు, పైగా పడవ ఉండి తీరాలి. పోటు ఎటు తిరుగుతోంది, ఓడలు ఎటు వస్తున్నాయి అని చూసుకునే పైలట్ ఒకరు, టైము చూసి తాగాల్సినవి తాడు కట్టిన సీసాలో పోసి విసిరేవాళ్లు కొందరు, అన్నీ రాసుకునే అబ్జర్వర్ ఒకరు. జెల్లీఫిష్ ముఖం మీద కుట్టినా, ఉప్పునీళ్లకు గొంతు పుండైనా ఆవిడ ఈదుతూనే ఉంది, నిజమే. ఈదిన చేతులు ఆవిడవే. కానీ ఇంకో గంట తర్వాత ఏం తాగాలి, ఎటు తిరగాలి అన్నది ఆవిడ ఆలోచించాల్సిన పని కాదు. ఆ ఆలోచన పడవలో వాళ్లది.

క్యాన్సర్ వచ్చిన మనిషికి కావాల్సింది సరిగ్గా ఇదే అని నాకు తెలిసింది మా గ్రూపులో ఒకావిడ వల్ల. పేరు రాయను, ఆవిడకు ఇష్టం ఉండదు, మేమందరం అక్కా అనే పిలుస్తాం. ఋషికొండ దాకా వెళ్లి వెనక్కి వచ్చే లాంగ్ రన్‌లో కుర్రాళ్లు కూడా ఆవిడ వెనకే వస్తారు. స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది, బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. కబురు తెలిసిన ప్రతివాళ్లూ అడిగిన మొదటి ప్రశ్న ‘రోజూ పరిగెత్తేదానివి, నీకెలా వచ్చింది?’ అని. అడిగినవాళ్లకు అది జాలి, వినేవాళ్లకు మాత్రం నేరం మోపినట్టే. వ్యాయామం వల్ల ప్రమాదం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు, పరిగెత్తినవాళ్లకూ వస్తుంది. ఇంత చిన్న విషయం మీ పేపర్లో పెద్ద అక్షరాలతో వేస్తే ఎంతోమందికి ఆ ప్రశ్న తప్పుతుంది. ఇంకొందరైతే అంత పరిగెత్తడం వల్లే వచ్చిందేమో అన్నారు. వాళ్లకు ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలీదు.

ఆపరేషన్ ముందు రోజు ఆవిడ డాక్టర్ని అడిగిన ప్రశ్న ‘మళ్లీ ఎప్పుడు పరిగెత్తొచ్చు’ అని. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. మర్నాటి నుంచి వార్డులో నడవమన్నాడు, వేళ్లూ మణికట్టూ మోచెయ్యీ కదపమన్నాడు, గాయంలో నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ పైపు తీసేదాకా పరుగు మాట ఎత్తొద్దన్నాడు, ఆ తర్వాత గాయం చూసి చెబుతానన్నాడు. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. చంక కింద గ్రంథులు తీశారు కాబట్టి ఆ వైపు భుజం పట్టేసింది, జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేవదు. రోజూ గోడ మీద వేళ్లు పైకి పాకించాలి, నిన్నటికంటే ఒక్క అంగుళం పైకి పోతే అదే ఆ రోజుకి మెడల్. కీమో మొదలయ్యాక వచ్చే నీరసం మామూలు అలసట కాదు, ఎంత నిద్రపోయినా పోదు. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి వంటగదిలోంచి హాల్లోకి వచ్చి కూర్చుండిపోతే ఆ బాధ ఒంటిది మాత్రమే కాదు, నేనెవర్ని అనే టెన్షన్ కూడా అందులో ఉంటుంది.

మా గ్రూపులో కొందరు ఉత్సాహవంతులు ఆవిడ ఫొటోతో గులాబీ రంగు టీషర్టులు వేయించి బీచ్‌లో ఒక రన్ పెడదామన్నారు. అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది. ‘నాకు రన్ వద్దు, గురువారం నన్ను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో చెప్పండి.’ అక్కడినుంచి పని దారిలో పడింది. దీనికోసమే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు, అందులో గుడ్ మార్నింగులూ కొటేషన్లూ నిషేధం, ఎవరు ఏ రోజు కారు తెస్తారు, ఎవరు కీమో అయ్యేదాకా పక్కన కూర్చుంటారు, పిల్లను ట్యూషన్ నుంచి ఎవరు తెస్తారు, ఇవే ఉండాలి. నోరంతా పూసి ఉంటుంది కాబట్టి మెత్తటి ఇడ్లీ, పెరుగన్నం, కారం లేని పప్పు పంపాలని ఒక లిస్టు రాసి పెట్టారు. అయినా ఒక పెద్దావిడ ప్రేమకొద్దీ కొత్తావకాయ జాడీ పంపింది, దాన్ని అక్క భర్తా పిల్లా ఖాళీ చేశారు. జలుబు ఉన్నవాళ్లు గుమ్మం దాకానే రావాలి, ఎందుకంటే కీమో రోజుల్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి, మనకు తుమ్ముతో పోయేది వాళ్లను ఆసుపత్రిలో పడేస్తుంది. అన్నిటికంటే ఆవిడకు నచ్చిన సాయం ఎవరిదో తెలుసా, రోజూ సాయంత్రం వచ్చి ఏమీ అడగకుండా ఆవిడతో పాటు అపార్ట్‌మెంట్ కింద నాలుగు రౌండ్లు నెమ్మదిగా నడిచి వెళ్లిపోయే ఒక రిటైర్డ్ ఉద్యోగిది. ఆయన గ్రూపులో అందరికంటే స్లో రన్నర్, ఆ స్పీడు ఇప్పుడు పనికొచ్చిందని ఆయనే జోకు.

ఇక బరువుల సంగతి. ఆపరేషన్ అయిన చేత్తో జన్మలో బిందె ఎత్తకూడదు, ఎత్తితే చెయ్యి వాస్తుంది అని మన ఊళ్లలో ఇప్పటికీ చెబుతారు. గ్రంథులు తీసిన చెయ్యి వాచే అవకాశం ఉందన్నది నిజం, దాన్ని లింఫెడీమా అంటారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా బరువుల గురించి అలాగే చెప్పేవారు. కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే స్పోర్ట్స్ డాక్టర్ 1996లో ఈ మాటను పరీక్షకు పెట్టాడు. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మంది ఆడవాళ్లను కూడగట్టి, శిక్షణ ఇప్పించి, డ్రాగన్ బోటు అనే పొడవాటి పడవలో తెడ్లు వేయించాడు. పూర్తిగా చేతులతో చేసే పని అది. వాళ్ల చేతులు వాచలేదు. ఇప్పుడు చాలా దేశాల్లో అలాంటి జట్లు ఉన్నాయి. 2009లో అమెరికాలో 141 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి ఉంది, అందులో అప్పటికే చెయ్యి వాపు ఉన్నవాళ్లు కూడా శిక్షకుల దగ్గర నేర్చుకుని, కొద్దికొద్దిగా పెంచుకుంటూ వారానికి రెండుసార్లు బరువులెత్తితే వాపు పెరగలేదు సరికదా, అది ఎగదన్నడం కూడా తగ్గింది. అంటే రేపే వెళ్లి గ్యాస్ సిలిండర్ ఎత్తమని కాదు. గాయం మానాలి, ఫిజియోథెరపిస్టు చెప్పాలి, చెయ్యి బరువెక్కినట్టనిపిస్తే ఆపి చూపించుకోవాలి. కానీ భయంతో చెయ్యిని ఒంటికి కట్టేసుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోయి అదో కొత్త జబ్బవుతుంది.

నాకు ఇంకో బాధ ఉంది. మా అక్కకు కార్లున్న గ్రూపు దొరికింది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చేవాళ్ల సంగతి ఏమిటి? ప్రభుత్వ పథకంలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోతాయి. కానీ రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజులు, కొన్ని వారాలపాటు. తోడు వచ్చినవాళ్ల కూలి పోతుంది, ఇంటి దగ్గర గేదెను చూసేవాళ్లుండరు, చాలామంది మధ్యలో మానేయాలనుకునేది ఇలాంటి కారణాలకే. వాళ్లకు మనోబలం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డ్వాక్రా సంఘాలు మనకు ఊరూరా ఉన్నాయి, అప్పు కోసం పది మంది ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ ఉండటం వాళ్లకు కొత్త కాదు, వంతులేసుకుని ఒకరి ఇల్లు చూసుకోవడం కూడా వాళ్లకు చేతనైన పనే. ఎవరైనా ఒక మాట చెప్పాలి.

అందుకే మీకు నా విన్నపం. ప్రతి అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని గులాబీ రిబ్బను వేసి ఒక విజేత కథ వేస్తారు, వేయండి. దాని పక్కనే గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం బొమ్మలు వేయండి, ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక ఫిజియోథెరపిస్టుతో రాయించండి. చికిత్సకు ఏ ఆసుపత్రి దగ్గర తోడువాళ్లకు బస దొరుకుతుందో, ఎంతవుతుందో మీ జిల్లా విలేకరులతో కనుక్కుని వేయండి. చనిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మాత్రం ‘క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు’ అని దయచేసి రాయొద్దు. ట్రిపుల్ నెగెటివ్ వచ్చి, మందులన్నీ వాడి, అయినా దక్కని ఒక అమ్మాయి తల్లి నాకు తెలుసు. ఆ వాక్యం చదివి ‘మా పిల్ల ఎక్కడ తక్కువ చేసిందమ్మా’ అని ఆవిడ అడిగింది.

అక్క సంగతి అడుగుతారేమో. రేడియేషన్ అయిపోయింది. ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, అలా చేస్తోంది. గుండె మీద ప్రభావం చూపే మందు వాడారు కాబట్టి ఎకో పరీక్ష చూశాకే డాక్టర్ దానికి సరే అన్నాడు. పాత టైమింగులతో పోల్చుకోకూడదని వాచీ తీసి బీరువాలో పెట్టింది. కారు వంతుల గ్రూపు ఇంకా నడుస్తోంది, ఇప్పుడు అందులో మా అక్కే డ్రైవరు, కీమోకు వెళ్లే వేరే ఆవిడ కోసం. ఫిజియో వ్యాసానికి ఎవరైనా కావాలంటే మా గ్రూపులోనే ఒకమ్మాయి ఉంది, రాయడానికి ఒప్పుకుంది కూడా. మీరు ఊ అంటే వచ్చే వారమే పంపిస్తాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశాఖపట్నం