వార్షిక నివేదిక: బయాప్సీ భయం పోగొట్టడానికి ఈ ఏడాది మనం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన మహిళా విభాగం మిగతా కార్యక్రమాలు తగ్గించుకుని, రొమ్ము క్యాన్సర్ నిర్ధారణలో చేసే బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించే ఎక్కువగా మాట్లాడింది. మన సభ్యురాలు ఒకామె రొమ్ములో గడ్డ చేతికి తగిలాక కూడా "సూది పెడితే పాకుతుందట" అన్న మాట విని నెలల తరబడి పరీక్షకు వెళ్లలేదు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆ మాట ఆమెకు చెప్పింది మనలోని వాళ్లే. అందుకే ప్రతి సమావేశం అక్కడి నుంచే మొదలుపెట్టాం. బయాప్సీ చేయించుకున్నందువల్ల క్యాన్సర్ ఒళ్లంతా పాకదు. అది నిజంగా క్యాన్సరే అయితే, వాయిదా వేసిన కొద్దీ పెరుగుతుంది.

కోర్ నీడిల్ బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసే పద్ధతి గురించి సమావేశంలో డాక్టర్ గారు వివరంగా చెప్పారు. ముందు ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, కాస్త చురుక్కుమంటుంది. అల్ట్రాసౌండ్ తెర మీద గడ్డను చూస్తూ సూది పంపి, సన్నటి దారప్పోగుల్లాంటి ముక్కలు కొన్ని తీస్తారు. తీసిన ప్రతిసారీ పరికరం టక్కుమంటుంది. చాలామంది నొప్పి కన్నా ఆ చప్పుడుకే ఉలిక్కిపడతారట. డాక్టర్ గారు స్టేప్లర్ మైక్ దగ్గర పెట్టి నొక్కి, ఇంచుమించు ఇలాగే ఉంటుందని వినిపించారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ "ఇంతేనా!" అని పైకే అనేశారు. ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ మాటే.

తర్వాత ఆ చోట కాసేపు అదిమిపట్టి, పట్టీ వేసి, మామూలుగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. కొన్నాళ్లు కమిలి ఉండొచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు. ముక్క తీసిన చోట గుర్తు కోసం ఒక్కోసారి చిన్న లోహపు క్లిప్ పెడతారు. అది తెలియక "లోపల ఏదో వదిలేశారు" అని హడలిపోయినవాళ్లు మనలోనే ఉన్నారు.

రిపోర్టుల మీద ప్రశ్నలు చాలా వచ్చాయి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కాగితం మీద బైరాడ్స్ 4 (అనుమానం ఎంతో చెప్పే అంకె) అని ఉంటే క్యాన్సర్ అని తేలినట్టు కాదు, ముక్క తీసి చూడాల్సినంత అనుమానం ఉందని. క్యాన్సర్ అని తేలితే అదే ముక్క మీద ఈఆర్, పీఆర్ (హార్మోన్లకు స్పందించే రకమా అని), హెర్2 (ఆ పేరున్న ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని) పరీక్షలు చేస్తారు. ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే నిర్ణయిస్తారు కాబట్టి రిపోర్టు రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆలస్యమైందంటే చెడు వార్తే అనుకుని టెన్షన్ పడొద్దు. రెండో డాక్టరు అభిప్రాయం కావాలంటే ఆ ముక్కతో తయారుచేసిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకోవచ్చు.

ఒక లోటు ఒప్పుకోవాలి. పరీక్షకు పంపడం మీదే దృష్టి పెట్టి, రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లో వాళ్లను పలకరించడం మరిచాం. నిద్ర పట్టనిది ఆ రోజుల్లోనే. వచ్చే ఏడాది పరీక్ష రోజు తోడు వెళ్లినవాళ్లే రిపోర్టు వచ్చేదాకా రోజూ ఫోన్ చేయాలని కార్యవర్గం తీర్మానించింది. తోడు వెళ్లగలిగినవాళ్లు ఈ సమావేశం ముగిసేలోగా మీ పేర్లు ఇవ్వండి.

— కార్యదర్శి